ముప్పావు నీళ్లు, ఖాళీ కాయితం

పోయిన నెల ఆదోని నుంచి ఒకాయన "కరువు మీద, నీళ్ల మీద బయటి దేశాల వాళ్లు రాసిన మంచి నవల ఒకటి చెప్పండి" అని అడిగితే, ఇటలీ రచయిత ఇన్యాత్సియో సిలోనే పేరూ, ఆయన రాసిన 'ఫొంతమారా' పేరూ చెప్పి నాలుగు ముక్కల్లో ముగించాను. ఆ నాలుగు ముక్కలు ఎవరికీ సరిపోలేదు. కర్నూలు, కడప, అనంతపురం మూడు వైపుల నుంచీ ఆయన గురించే ఉత్తరాలొచ్చాయి. అందుకే మిగతా ప్రశ్నలు వచ్చే నెలకు పెట్టి, ఈసారి పేజీలన్నీ సిలోనేకే ఇస్తున్నాను.

ప్రశ్న: ఇటలీ అంటే మాకు తెలిసింది రోమ్, పిజ్జా, సినిమా పాటల్లో కనిపించే పడవలు. అక్కడ కరువేంది సార్? మన సీమతో పోల్చడం మరీ ఎక్కువ కాదా?
డిగ్రీ విద్యార్థి, అనంతపురం

వాన లెక్కలో అయితే పోలికే లేదు తమ్ముడూ. మనకు ఏడాదంతా కలిపి 550 మిల్లీమీటర్లు పడితే గొప్ప, వాళ్లది మంచు పడే కొండ ప్రాంతం. పోలిక ఎక్కడంటే, నీళ్లు ఎవరి చేతిలో ఉంటాయి, ఆ చెయ్యి మారేటప్పుడు ఎవరిని అడుగుతారు అనే దగ్గర.

సిలోనే పుట్టింది రోముకు తూర్పున అబ్రుత్సో కొండల్లో, పెషీనా అనే ఊళ్లో. ఆ ఊరి ముందర ఒకప్పుడు ఫుచినో అనే సరస్సు ఉండేది, ఇటలీలో మూడో పెద్ద సరస్సు. దాని నీళ్లు బయటికి తోడెయ్యాలని రోమన్ చక్రవర్తి క్లాడియస్ 30,000 మందిని పెట్టి 11 ఏళ్లు కొండలో సొరంగం తవ్వించాడని పాత చరిత్రకారులు రాశారు, అయినా సరస్సు పూర్తిగా ఎండలేదు. దాన్ని చివరికి ఎండగట్టింది రోములో బ్యాంకు వ్యాపారం చేసిన తొర్లోనియా కుటుంబం. 1854లో పని మొదలుపెట్టి 1870ల్లో ముగించారు. దాదాపు 40 వేల ఎకరాల నల్లని, కొవ్వున్న నేల బయటపడింది. అది ఎవరికి చేరిందంటే తొర్లోనియాకే చేరింది, పైగా ప్రభువు అనే బిరుదూ వచ్చింది. చేపలు పట్టుకుని బతికేవాళ్లకు సరస్సు పోయింది. సరస్సు పోయాక చలి పెరిగి, చుట్టూ కొండవాలు మీద తాతల నాటి పంటలు కూడా దెబ్బతిన్నాయని సిలోనే నవల మొదట్లోనే రాశాడు. కింద కళ్లెదురుగా మాగాణి, పైన రాళ్ల చేలల్లో వీళ్లు.

సరిగ్గా ఆ 1860ల్లోనే మన దగ్గర మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ వాళ్లు తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర ఆనకట్ట కట్టి కర్నూలు-కడప కాలువ తవ్వుతున్నారు. లాభం కోసం తవ్విన కాలువ అది, గిట్టుబాటు కాక 1882లో ప్రభుత్వమే కొనేసింది. నీళ్లు వ్యాపారమైన కాలం అది, అక్కడా ఇక్కడా.

ఫొంతమారాలో ఒక పల్లెటూరి ఆయన లోకం ఎట్లా అమరి ఉందో చెప్తాడు. అందరికంటే పైన దేవుడు, తర్వాత భూమికి యజమాని తొర్లోనియా ప్రభువు, తర్వాత ప్రభువు కాపలావాళ్లు, ఆ కాపలావాళ్ల కుక్కలు, ఆ కింద ఏమీ లేదు, ఇంకా కిందకి పోయినా ఏమీ లేదు, ఆ ఏమీ లేనిదానికీ అడుగున మేము. ఆ 'మేము'కు వాళ్ల భాషలో 'కఫోనే' అంటారు. మనం 'బైతు' అన్నట్టే. మట్టిలో పని చేసేవాడి పేరు కాస్తా టౌనులో తిట్టయి కూర్చుంది. బాధపడటం సిగ్గుపడాల్సిన సంగతి కాకుండా పోయిన రోజు ఆ మాట గౌరవంగా మారుతుందని సిలోనే నమ్మాడు, అందుకే తన మనుషులకు వేరే అందమైన పేరు పెట్టకుండా ఆ తిట్టుతోనే పిలిచాడు.

ప్రశ్న: ఆయన తల్లి భూకంపంలో చనిపోయిందని రాశారు. అంత చిన్న వయసులో అమ్మను పోగొట్టుకున్న పిల్లవాడు రచయిత ఎట్లా అయ్యాడో చెప్పండి. మాది మగ్గం నేసే ఇల్లు, మా పిల్లలకు చదివి వినిపిస్తాను.
ఒక తల్లి, ధర్మవరం

అమ్మా, ముందుగా మీకు నచ్చే సంగతి చెప్తాను, ఆయన తల్లి కూడా నేతపని చేసిన మనిషే. తండ్రి కొద్దిపాటి భూమి ఉన్న రైతు. పిల్లవాడికి పెట్టిన పేరు సెకొందినో త్రాంక్విల్లి, పుట్టింది 1900 మే 1న.

తండ్రి గురించి సిలోనే పెద్దయ్యాక రాసుకున్న ఒక జ్ఞాపకం ఉంది, మీ పిల్లలకు తప్పకుండా చెప్పండి. ఇంటి గుమ్మం దగ్గర కూర్చున్న పిల్లవాడికి, చినిగిన బట్టలతో, కాళ్లకు చెప్పులు లేకుండా, ఇద్దరు పోలీసుల మధ్య కుంటుకుంటూ పోతున్న ఒక మనిషి కనిపించాడు. చూడటానికి వింతగా ఉంటే పిల్లవాడు నవ్వి, చూడు నాయనా అని చూపించాడు. తండ్రి చెవి పట్టుకుని లోపలికి తీసుకుపోయాడు. నేనేం తప్పు చేశానని పిల్లవాడు అడిగితే ఆయన చెప్పింది ఇది: సంకెళ్లు పడిన మనిషిని చూసి ఎప్పుడూ నవ్వకూడదు, వాడు తన తరఫున మాట్లాడుకోలేడు, పైగా వాడు ఏ తప్పూ చెయ్యనివాడే కావచ్చు, ఎట్లా చూసినా వాడు కష్టంలో ఉన్నవాడు. ఆ పూట పిల్లవాడితో తండ్రి ఇంకేం మాట్లాడలేదట. సిలోనే నవలలన్నీ ఆ గుమ్మం దగ్గర మొదలయ్యాయని నేననుకుంటాను. సంకెళ్లు పడినవాడి వైపు నిలబడి రాయడం తప్ప ఆయన వేరే ఏదీ చెయ్యలేదు.

1911లో తండ్రి పోయాడు. 1915 జనవరి 13 తెల్లవారి, ఎనిమిది కొట్టకముందే, భూమి కదిలింది. అవెత్సానో పట్నం దాదాపు మొత్తం పోయింది, చుట్టుపక్కల ఊళ్లన్నీ కలిపి 30 వేల మంది దాకా చనిపోయారు. ఆ శిథిలాల కిందే వాళ్లమ్మ కూడా. పిల్లవాడికి అప్పుడు పద్నాలుగేళ్లు. ఇంట్లో మిగిలింది తనూ, రోమొలో అనే తమ్ముడూ. అవ్వ చేరదీసింది.

తర్వాత రోములో ఒక హాస్టల్లో చేర్చారు, అక్కడ నుంచి పారిపోయాడు. అప్పుడు దోన్ ఒరియోనే అనే పాదిరి ఆ పిల్లవాడిని వేరే బడిలో చేర్చడానికి రైల్లో తీసుకుపోతూ, పిల్లవాడి మూటాముల్లే తనే మోశాడు. చదవడానికి ఏ పేపరు కావాలి అని అడిగితే, ఈ పాదిరిని ఉడికిద్దామని పిల్లవాడు సోషలిస్టుల పేపరు 'అవాంతీ' పేరు చెప్పాడు. ఆయన ఒక్క మాట అనకుండా రైలు దిగిపోయి అదే పేపరు కొనుక్కొచ్చి చేతిలో పెట్టాడు. ఆ పిల్లవాడు తర్వాత చర్చికి దూరమయ్యాడు గానీ ఆ పాదిరిని జీవితమంతా తలుచుకున్నాడు.

ప్రశ్న: నేను పెద్దగా చదువుకోలేదు. మా వాడు మీరు రాసింది చదివి వినిపించినాడు. ఆ నీళ్లు పంచుకునే కథ ఏందో వివరంగా రాయండి. మాదీ చెరువు కింద ఆయకట్టే, తూము కాడ కొట్లాటలు చూసి చూసి ఉన్నాం.
ఒక రైతు, ఉరవకొండ దగ్గర

అన్నా, ఈ ప్రశ్న కోసమే ఈసారి పేజీలన్నీ పట్టాను.

ఫొంతమారా సిలోనే కల్పించిన ఊరు, కానీ అట్లాంటి ఊళ్లు పెషీనా చుట్టూ చాలా ఉన్నాయి. కథ మొదట్లోనే ఊళ్లో కరెంటు పోతుంది. బిల్లు కట్టలేదని తీసేశారు, జనం మళ్లీ వెన్నెలకు అలవాటు పడతారు. ఆ చీకట్లో టౌను నుంచి ఒక ఆఫీసరు సైకిలు మీద వస్తాడు, చేతిలో ఖాళీ కాయితాలు. పేర్లు ఇవ్వండి అంటాడు. దేనికయ్యా అంటే చెప్పడు. ఏమైనా డబ్బు కట్టాలా అని అడుగుతారు, కట్టాల్సిన పనిలేదంటాడు. డబ్బు లేదంటే ఇంకేం ఉందిలే అని జనం పేర్లిస్తారు. ఆ కాయితం పైభాగంలో ఏం రాస్తారో వాళ్లకు తెలీదు. కొన్నాళ్లకు తమ చేలకు పారే వంక నీళ్లను కూలీలు వేరే వైపు మళ్లిస్తుంటే, ఇదేంది అని పోయి అడిగితే, మీరే ఒప్పుకున్నారు కదా, ఇవిగో మీ పేర్లు అని ఆ కాయితమే చూపిస్తారు. నీళ్లు పోతున్నది ఊరికి కొత్తగా వచ్చి, బ్యాంకు అండతో అన్నీ కొనేసి, ముస్సోలినీ పాలనలో ఊరి పెద్ద అయి కూర్చున్న ఒక కాంట్రాక్టరు భూములకు.

గొడవ ముదురుతుంది. అప్పుడు మధ్యవర్తిగా దోన్ చిర్కొస్తాన్సా అనే వకీలు దిగుతాడు, తనకు తాను పేదల మిత్రుణ్ని అని చెప్పుకునేవాడు. ఆయన చేసిన తీర్పు ఇది: వంక నీళ్లలో ముప్పావు కాంట్రాక్టరుకు, మిగిలిన నీళ్లలో ముప్పావు ఊరివాళ్లకు. ఇద్దరికీ ముప్పావే, అంటే ఇద్దరికీ సగం కంటే ఎక్కువే వచ్చినట్టు, ఇంతకంటే న్యాయం ఏముంది అంటాడు. ఇంకో తిరకాసు కూడా పెడతాడు. ఈ ఏర్పాటు యాభై ఏళ్లు అంటే జనం గోల పెడతారు, దాంతో యాభై మాట తీసేసి 'పది లుస్త్రిలు' అని రాయిస్తాడు. లుస్త్రో అంటే అయిదేళ్లని పుస్తకాలు చదివినవాళ్లకే తెలుసు. ఊళ్లో ఎవరికీ తెలీదు, పది నెలలో పదేళ్లో అనుకుంటారు.

మా నాయనకు నేను ఈ భాగం ఎట్లా చెప్పానో రాస్తాను. మాది రాయదుర్గం వైపు పల్లె. ఒక ఏడు విత్తనానికి శెనక్కాయలు ఒలుస్తూ వసారాలో కూర్చున్నాం, నేను ఇంగ్లీషులో చదివింది తెలుగులో చెప్పుకుంటూ పోతున్నాను. ముప్పావు లెక్క దగ్గరికి వచ్చేసరికి ఆయన "ఆగు" అన్నాడు. చేటలోంచి పదహారు కాయలు తీసి బండ మీద వరసగా పెట్టాడు. పన్నెండు కాయలు వేలితో ఒక పక్కకు జరిపి "ఇది వానికి" అన్నాడు. మిగిలిన నాలుగులో మూడు ఇటు పక్కకు జరిపి "ఇది ఊరికి" అన్నాడు. బండ మధ్యలో ఒక కాయ మిగిలింది. దాన్ని చాలాసేపు చూసి "మరి ఈ కాయ ఎవురిదిరా?" అని అడిగాడు. నేను ఎకనామిక్స్ ఎమ్మే చేసి ఆ పుస్తకం రెండుసార్లు చదివిన మనిషిని, పన్నెండూ మూడూ అని నాకు ఎప్పుడో తెలుసు, ఆ పదహారోది నా లెక్కలోకి రానేలేదు. నీరుగట్టి దగ్గర వంతు కోసం రాత్రిళ్లు లాంతరు పట్టుకుని కూర్చున్న మనిషికి వచ్చింది.

మా అవ్వ సంగతి కూడా అప్పుడే తీశాడు. ఆమె చదువుకోలేదు. ఎవరో ఇంటికి తెచ్చిన అప్పు కాయితం మీద వేలిముద్ర వేసి, బొటనవేలి మసిని తలవెంట్రుకలకు తుడుచుకుని పొయ్యి దగ్గరికి పోయిందట. అందులో ఏముందో ఆమెకు చదివి చెప్పినవాళ్లు లేరు. రెండేళ్లకు బావి కింద కయ్య పోయింది. ఫొంతమారాలో ఒక్క తుపాకీ పేలకముందే ఊరి నీళ్లు పోతాయన్నా, అన్నీ కాయితం మీదే పోతాయి. ఈ నవల నాకు ఎందుకు ఇంత ముఖ్యమో ఇంతకంటే విడమరిచి చెప్పలేను.

ఆ నవల అచ్చయిన నాలుగేళ్లకు, 1937 నవంబరు 16న, మన పెద్దలు శ్రీబాగ్ ఒడంబడిక రాసుకున్నారు, తుంగభద్ర, కృష్ణా, పెన్నా నీళ్లలో సీమకూ నెల్లూరుకూ ముందు అవసరాలు తీరాలని. ఆ కాయితం సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు.

కథ చివర చెప్పి ముగిస్తాను. ఊళ్లో బెరార్దో వియోలా అనే బలమైన మనిషి ఉంటాడు, ఉన్న భూమి పోగొట్టుకున్నవాడు. పని వెతుక్కుంటూ రోము పోతే అక్కడ అరెస్టవుతాడు. ముస్సోలినీకి వ్యతిరేకంగా రహస్యంగా పేపర్లు పంచుతున్న ఒక అజ్ఞాత వ్యక్తి కోసం పోలీసులు వెతుకుతుంటారు, ఆ అజ్ఞాత వ్యక్తి కూడా అదే జైలు గదిలో ఉంటాడు. వాడు బయటపడాలని బెరార్దో 'అది నేనే' అని ఒప్పుకుని, దెబ్బలు తిని జైల్లోనే చచ్చిపోతాడు. అప్పుడు ఊరివాళ్లు తమ జీవితంలో మొదటిసారి తామే ఒక పేపరు రాస్తారు. దానికి పేరు 'ఏం చేద్దాం?' బెరార్దోను చంపినారు, ఏం చేద్దాం? మన నీళ్లు తీసుకున్నారు, ఏం చేద్దాం? ఖాళీ కాయితం మీద పేర్లిచ్చిన ఊరు చివరికి తన కాయితం తనే రాసుకుంది. ఆ తర్వాత సాయుధ దళాలు ఊరి మీద పడతాయి.

ప్రశ్న: ఇంతకీ ఆయన కమ్యూనిస్టా కాదా? ఒకచోట పార్టీ పెట్టినవాళ్లలో ఒకడని, ఇంకోచోట పార్టీకి శత్రువని చదివాను.
ఉపాధ్యాయుడు, ఆదోని

రెండూ నిజమే మాస్టారూ. 1921 జనవరిలో లివోర్నోలో ఇటలీ కమ్యూనిస్టు పార్టీ పుట్టినప్పుడు యువజన సంఘం తరఫున ఆయన అక్కడే ఉన్నాడు. ముస్సోలినీ వచ్చాక రహస్యంగా పని చేశాడు, మాస్కో కూడా చాలాసార్లు పోయాడు. 1927లో అక్కడ జరిగిన ఒక సమావేశం గురించి ఆయన వివరంగా రాశాడు. చైనా విషయంలో స్టాలిన్ ప్రత్యర్థి ట్రాట్‌స్కీ రాసిన ఒక పత్రాన్ని ఖండిస్తూ తీర్మానం చెయ్యాలి, స్టాలిన్ కూడా ఉన్నాడు. ఇటలీ తరఫున తొల్యాత్తీ, సిలోనే. ఆ పత్రం మేము చూడలేదు కదా, చూడనిదాన్ని ఎట్లా ఖండిస్తాం అని సిలోనే అడిగాడు. నిజానికి మేమూ చదవలేదని జర్మన్ నాయకుడు తేల్మన్ జవాబిచ్చాడట. అయినా సిలోనే ఒప్పుకోలేదు. చదవని కాయితానికి చెయ్యి ఎత్తనన్నాడు.

నేను ఫొంతమారా మొదటిసారి చదివినప్పుడు ఈ సంగతి తెలీదు. తెలిశాక ఆ సైకిలు ఆఫీసరు వచ్చే భాగం మళ్లీ చదివితే వేరేగా కనిపించింది. పల్లెలో చదువురానివాళ్లకు చేసిన మోసాన్నీ, మాస్కోలో మహా మేధావులు తమకు తామే చేసుకుంటున్న మోసాన్నీ ఆయన ఒకే కంటితో చూశాడు. 1931లో పార్టీ ఆయన్ని బహిష్కరించింది. అప్పటికి స్విట్జర్లాండులో ఉన్నాడు, ఊపిరితిత్తుల జబ్బు, చేతిలో పైసా లేదు, ఎక్కువ రోజులు బతకననుకున్నాడు. ఆ రోజుల్లోనే, 1930లో, దావోస్‌లో కూర్చుని ఫొంతమారా రాశాడు. అది 1933లో ముందు జర్మన్ అనువాదంగా జూరిక్‌లో వచ్చింది. సొంత దేశంలో మాత్రం ముస్సోలినీ పడిపోయేదాకా అచ్చు కాలేదు.

తర్వాత తన గురించి తాను చర్చి లేని క్రైస్తవుణ్ని, పార్టీ లేని సోషలిస్టుని అని చెప్పుకున్నాడు. అది తెలివైన మాటగా అన్నది కాదు, రెండు ఇళ్లూ పోగొట్టుకున్న మనిషి మాట.

ఇక ఆయన పేరు గురించి కూడా ఒక మాట. సిలోనే అన్నది, క్రీస్తు పుట్టక ముందు రోము మీద తిరగబడిన మార్సీ జాతి నాయకుడు పొపేదియో సిలో పేరు నుంచి తీసుకున్నది. ఆ మార్సీలు ఆయన సొంత ప్రాంతం వాళ్లే.

ప్రశ్న: నెట్‌లో చూస్తే సిలోనే ముస్సోలినీ పోలీసులకు రహస్య సమాచారం ఇచ్చేవాడని ఉంది. మీరు ఆ విషయం ఎత్తకుండా పొగిడారు. ఇది న్యాయమేనా?
న్యాయవాది, కడప

న్యాయం కాదు, పోయినసారే చెప్పాల్సింది. ఇప్పుడు చెప్తాను.

ఆయన 1978 ఆగస్టు 22న జెనీవాలో చనిపోయాడు. 1990ల్లో దారియో బియొక్కా, మౌరో కనాలి అనే ఇద్దరు చరిత్రకారులు పాత పోలీసు దస్త్రాలు తవ్వి, 'సిల్వెస్త్రి' అనే మారుపేరుతో పార్టీ సమాచారం ఇచ్చింది సిలోనేనే అన్నారు. రోము పోలీసు అధికారి గుయిదో బెల్లోనేకు 1930 ఏప్రిల్ 13న రాసిన ఒక ఉత్తరం వాళ్లకు పెద్ద ఆధారం. అందులో రాసినవాడు, నా జీవితంలో అబద్ధం, రెండు నాలుకల బతుకు ఇక వద్దు, కొత్తగా బతకాలనుకుంటున్నాను అని సంబంధం తెంచుకుంటాడు. ఇంకోవైపు తంబుర్రానో లాంటివాళ్లు ఈ ఆరోపణను గట్టిగా ఖండించారు, చాలా నివేదికలు ఆయనవేనని తేలలేదన్నారు. ఆ ఉత్తరం వరకు ఆయనదేనని ఎక్కువమంది ఒప్పుకుంటారు. దాని ముందు ఎంత కాలం, ఎంత సమాచారం, ఎందుకు అన్న దగ్గర వాదన నడుస్తూనే ఉంది.

తమ్ముడి సంగతి ఇక్కడ చెప్పకుండా ముందుకు పోలేం. భూకంపంలో మిగిలిన ఆ రోమొలోను 1928లో మిలాన్ బాంబు కేసులో పట్టుకున్నారు. బాంబు కేసు నిలబడలేదు, అయినా కమ్యూనిస్టని 12 ఏళ్ల శిక్ష వేశారు. బాగా కొట్టారు. 1932లో ప్రోచిదా దీవి జైల్లో చనిపోయాడు. తమ్ముణ్ని కాపాడుకోవడానికే అన్న పోలీసులతో మాట్లాడాడని కొందరంటారు. కాదు, సంబంధం అంతకు చాలా ముందు నుంచే ఉందని బియొక్కా, కనాలి అంటారు.

నా అభిప్రాయం అడిగారు కాబట్టి చెప్తున్నాను. సమాచారం ఇచ్చి ఉంటే అది తప్పే, దాని వల్ల ఎవరో ఒకరు జైలుకు పోయి ఉంటారు, మంచి నవల రాశాడని ఆ తప్పు మాసిపోదు. కానీ 1936లో వచ్చిన ఆయన రెండో నవల 'రొట్టె, ద్రాక్షసారా'లో మురికా అనే కుర్రవాడు ఉన్నాడు. పోలీసులకు సమాచారం ఇచ్చేవాడు. రాత్రిళ్లు నిద్రపట్టక, ఎవరికీ చెప్పుకోలేక, చివరికి ఒక మనిషి ముందు అంతా ఒప్పుకుంటాడు. వాడి భయాన్ని సిలోనే రాసిన తీరు చూడండి సార్, దస్త్రాలు బయటికి రావడానికి అరవై ఏళ్ల ముందే రాశాడు. నేను ఆ పేజీలు ఆరోపణ తెలియక ముందు ఒకసారి, తెలిశాక ఒకసారి చదివాను. రెండోసారి చదువుతుంటే మధ్యలో పుస్తకం మూసి కాసేపు బయట తిరిగి రావాల్సి వచ్చింది. సంకెళ్లు పడినవాణ్ని చూసి నవ్వకూడదన్న తండ్రి మాట ఇప్పుడు ఆ కొడుక్కే వర్తిస్తోందని నాకనిపిస్తుంది. వాడు తన తరఫున మాట్లాడుకోలేడు అన్నాడు కదా ఆ తండ్రి.

ప్రశ్న: నేను మా ఊరి మాటలోనే కథలు రాస్తున్నా. పత్రికలకు పంపితే "భాష సరిచెయ్యండి" అంటున్నారు. సిలోనే యాసలో రాశాడా?
కొత్త కథకురాలు, జమ్మలమడుగు

లేదమ్మా, యాసలో రాయలేదు, మామూలు ఇటాలియన్‌లోనే రాశాడు. కానీ ఎందుకు అట్లా రాశాడో నవల ముందుమాటలో చెప్పాడు. మా ఊళ్లో ఎవరూ ఇటాలియన్ మాట్లాడరు, అది మాకు బడిలో నేర్చుకున్న పరాయి భాష, లాటిన్ లాగా ఫ్రెంచ్ లాగా, అందులో మా ఆలోచనలు చెప్తే అది ఎప్పుడూ అనువాదమే అవుతుంది అన్నాడు. అయితే మాటలు అరువు తెచ్చుకున్నా చెప్పే తీరు మాత్రం మాదే అన్నాడు. ఆ తీరును పోల్చింది దేనితో అనుకున్నావు? నేతతో. పాతకాలం వాళ్లు మగ్గం మీద దారం పక్కన దారం, రంగు పక్కన రంగు ఓపిగ్గా, శుభ్రంగా పేర్చుకుంటూ పోయినట్టు చెప్పడం. పైన ధర్మవరం అమ్మకు చెప్పాను కదా, వాళ్లమ్మ నేసేది.

అందుకే ఫొంతమారా కథను రచయిత చెప్పడు. ఒక ముసలాయన, ఆయన భార్య, కొడుకు, ముగ్గురూ ఒక రాత్రి పరాయి దేశంలో ఉన్న రచయిత గుమ్మం ముందుకొచ్చి మార్చి మార్చి చెప్తారు. ఆడవాళ్లు టౌనుకు పోయి నీళ్ల గురించి నిలదీసిన భాగం ఆడమనిషే చెప్తుంది, ఎండలో వాళ్లను గుమ్మం గుమ్మానికీ తిప్పిన వైనం ఆమె నోట వింటేనే తెలుస్తుంది. నీ ఊరి మాట నువ్వు వదలక్కర్లేదు. కాయను శెనక్కాయ అనే రాయి. కానీ ఏ మనిషి ఏ భాగం చెప్పాలి అన్నది కూడా అంత జాగ్రత్తగా చూసుకో, యాస ఒక్కటే పెట్టినంత మాత్రాన కథ ఊరిది అయిపోదు. ఇంకొకటి, ఆయన అచ్చయిన నవలలనే మళ్లీ మళ్లీ తిరగరాశాడు. 'రొట్టె, ద్రాక్షసారా'ను దాదాపు ఇరవై ఏళ్ల తర్వాత మార్చి, పేరు కూడా తిరగేసి, 1955లో మళ్లీ వేశాడు. కుదిరితే ఒకే కథను జీవితమంతా తిరగరాస్తూ, చివరికైనా దాన్ని అర్థం చేసుకోవాలని ఉందని చెప్పుకున్నాడు. కాబట్టి తిరిగొచ్చిన కథను చూసి టెన్షన్ పడొద్దు.

ప్రశ్న: ముందు ఏది చదవాలి?
బ్యాంకు ఉద్యోగి, ప్రొద్దుటూరు

ఫొంతమారా, తర్వాత 'రొట్టె, ద్రాక్షసారా'. ఇంగ్లీషులో రెండూ తేలికగానే ఉంటాయి. ఆ తండ్రి జ్ఞాపకం, మాస్కో సంగతి 1965లో వచ్చిన 'అత్యవసర ద్వారం' అనే వ్యాసాల పుస్తకంలో ఉన్నాయి. ఓపిక ఉంటే, పోప్ పదవి చేపట్టి అయిదు నెలలకే 1294లో వదిలేసి పోయిన ముసలి సన్యాసి చెలెస్తినో మీద 1968లో రాసిన నాటకం కూడా చూడండి. ఆ సన్యాసి కూడా ఆ కొండల్లోనే తపస్సు చేసుకున్నవాడు.

ప్రశ్న: సరే, ఆ ఫుచినో భూమి చివరికి రైతులకు వచ్చిందా లేదా? అది చెప్పండి చాలు.
కౌలు రైతు, నందికొట్కూరు

వచ్చింది. కానీ ఊరికే రాలేదు. 1950లో అక్కడి కూలీలు వింత సమ్మె చేశారు. మామూలుగా సమ్మె అంటే పని మానడం. వీళ్లు ఎవరూ పిలవకుండానే పారలు భుజాన వేసుకుని వేలమంది ఫుచినోలోకి దిగి, పాడుబడిన కాలవలు పూడిక తీశారు, దారులు బాగుచేశారు, ఆ తర్వాత మా కూలి మాకివ్వండి అని అడిగారు. ఆ ఏడు ఏప్రిల్ 30న చెలానో ఊరి మధ్యలో కాల్పులు జరిగి ఇద్దరు కూలీలు చనిపోయారు. ఆ తర్వాత భూసంస్కరణ చట్టం కింద తొర్లోనియా భూమిని ప్రభుత్వం తీసుకుని రైతు కుటుంబాలకు పంచింది. ఇప్పుడు ఆ సరస్సు అడుగున ఉర్లగడ్డలూ క్యారెట్లూ పండుతాయి, ఇటలీ అంతటా ఫుచినో ఉర్లగడ్డ అంటే పేరు. ఒక పక్క ఉపగ్రహాలతో మాట్లాడే పెద్ద పెద్ద గొడుగుల కేంద్రం కూడా ఉంది.

సిలోనే సమాధి పెషీనాలోనే, భూకంపానికి తట్టుకుని మిగిలిన పాత చర్చి గంటగోపురం కింద. అక్కడే పెట్టమని తనే అడిగి పెట్టుకున్నాడు, గోడకు ఆనించి ఒక ఇనుప సిలువ చాలని, దూరంగా ఫుచినో కనపడాలని. అట్లాగే పెట్టారు. అక్కడ నిలబడితే కింద చేలన్నీ కనిపిస్తాయి.